నడిస్తేనే బస్సు

సభకు నమస్కారం. పాత సిటీ బస్సుల గురించి వినడానికి ఈ సాయంత్రం ఇంతమంది రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. పాత రైళ్ల గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పాత కార్ల సంగతి చెప్పనక్కర్లేదు. విమానాలకూ ఓడలకూ పెద్ద పెద్ద మ్యూజియంలే ఉన్నాయి. సిటీ బస్సుకు మాత్రం ఆ గౌరవం చాలా ఆలస్యంగా దక్కింది. రోజూ ఎక్కి దిగేదే కదా, దాన్ని దాచుకోవడమేమిటి అని అందరూ అనుకున్నారు.

అలా అనుకోనివాళ్లు కొందరున్నారు. 1956లో లండన్‌లో కొంతమంది బస్సు అభిమానులు తలా ఇంత వేసుకుని ఒక సింగిల్ డెక్కర్ కొన్నారు. 1929లో ఏఈసీ అనే కంపెనీ తయారుచేసిన రీగల్ రకం బస్సు అది, దాని నంబరు టీ 31. సర్వీసు అయిపోయిన బస్సంటే ఆ రోజుల్లో తుక్కు కిందే లెక్క. ఎంత ఇనుము వస్తుంది, ఎంత అల్యూమినియం వస్తుంది అని చూసేవాళ్లే తప్ప, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని కొనేవాళ్లు దాదాపు లేరు. వీళ్లు ఆ పని చేశారు. మామూలు జనం సొంత డబ్బు పెట్టి పాత సర్వీసు బస్సును కాపాడుకునే అలవాటుకు అది తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆ బస్సు ఇప్పుడు బ్రూక్‌ల్యాండ్స్‌లోని లండన్ బస్ మ్యూజియంలో ఉంది.

వాళ్లకున్న కోరిక గురించే ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది. పాత బస్సును చూడాలని కాదు, ఎక్కాలని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సిటీ బస్సును భద్రపరచడమంటే దాన్ని నడపడం, అందులో మనుషుల్ని ఎక్కించడం. తాడు కట్టి, పక్కన ఒక బోర్డు పెట్టి, 'ముట్టుకోరాదు' అని రాసిన చోట బస్సు ఆకారం ఉంటుంది. బస్సు మాత్రం ఉండదు.

బ్రిటన్‌లో ఇలాంటి బస్సులు తిరిగే రోజును రన్నింగ్ డే అంటారు. ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం అది ఎలా ఉంటుందో చెబుతాను. ఒక ఆదివారం ఉదయం ఒక ఊళ్లో పాత రూటు ఒకదాన్ని మళ్లీ బతికిస్తారు. ఆ రూటు మీద తిరిగిన రకం బస్సులే తెస్తారు. ముందు బోర్డు మీద పాత రూటు నంబరు, పాత ఊళ్ల పేర్లు ఉంటాయి. టైమ్‌టేబుల్ అచ్చు వేస్తారు. చాలాచోట్ల టికెట్టు డబ్బులు తీసుకోరు. కార్యక్రమం పుస్తకం ఒకటి కొనుక్కుంటే రోజంతా ఏ బస్సైనా ఎక్కొచ్చు. యూనిఫాం వేసుకున్న కండక్టర్ వస్తాడు, టికెట్టు కొడతాడు. ఆ టికెట్టుకు విలువేమీ ఉండదు. అయినా జనం దాన్ని జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంటారు.

ఆ జనంలో నాకు రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. ఒకరు ఆ బస్సులో బడికి, పనికి వెళ్లినవాళ్లు. వాళ్లు ఎక్కగానే చెయ్యి దానంతటదే స్తంభం మీదికి పోతుంది. మెట్లు ఎన్నో, మలుపు ఎటో కాళ్లకు గుర్తుంటుంది. రెండో రకం వాళ్లంటే నాకు ఇంకా ఆసక్తి. ఆ బస్సు సర్వీసు నుంచి వెళ్లిపోయాక పుట్టిన పిల్లలు. వాళ్లకు గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు. అయినా డ్రైవర్ వెనక సీటు కోసం పోటీ పడతారు. ఇంజన్ చప్పుడు విని అది ఏ కంపెనీదో, ఏఈసీనా, లేలాండా, గార్డ్‌నరా అని చెప్పేస్తారు. దీన్ని ఉత్త జ్ఞాపకాల బెంగ అని కొట్టిపారేసేవాళ్లకు ఈ పిల్లల్ని చూపించాలనిపిస్తుంది. బస్సులో ఏదో ఉంది, జ్ఞాపకం లేనివాళ్లకు కూడా అందేది.

ఏమిటది? నేను చప్పుడుతో మొదలుపెడతాను. ఇష్టపడేవాళ్లంతా మొదట చెప్పేది దాని గురించే.

లండన్‌లో ఆర్‌టీ అనే రకం డబుల్ డెక్కర్ ఉండేది. మొదటి బస్సు 1939లో రోడ్డెక్కింది. దాని కుటుంబానికి చెందిన ఆర్‌టీఎల్, ఆర్‌టీడబ్ల్యూలను కలుపుకుంటే దాదాపు 7,000 బస్సులు తయారయ్యాయి. చివరి ఆర్‌టీ 1979 ఏప్రిల్‌లో రూటు 62 మీద సర్వీసు ముగించింది. ఆ బస్సులో ఉన్నది ప్రీసెలెక్టర్ గేర్‌బాక్స్. దాంట్లో డ్రైవర్ స్టీరింగ్ కింద ఉన్న చిన్న లీవర్‌ను తర్వాత కావలసిన గేరుకు ముందే జరిపి పెట్టుకుంటాడు. అప్పటికింకా గేరు మారదు. సరైన సమయం వచ్చినప్పుడు, మనకు క్లచ్ ఉండే చోట ఉన్న పెడల్‌ను తొక్కి వదిలితే అప్పుడు మారుతుంది. అంటే మంచి డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు కంటే ఒక అడుగు ముందు ఆలోచిస్తాడు. మలుపు రాకముందే మలుపుకు కావలసిన గేరు అక్కడ సిద్ధంగా ఉంటుంది. ప్రయాణికుడికి ఇదేమీ కనిపించదు, వినిపిస్తుంది. ఇంజన్ గొంతు ఒక్కసారి తగ్గి, ఒక నిట్టూర్పు వచ్చి, మళ్లీ కింది స్థాయిలో రాగం అందుకుంటుంది. మొదటి రెండు గేర్లలో ఒక మూలుగు ఉంటుంది, వేగంతో పాటు పైకి పాకుతూ పోతుంది. స్టాపులో ఆగినప్పుడు ఇంజన్ నెమ్మదిగా కొట్టుకుంటుంటే కిటికీ అద్దాలన్నీ గలగలలాడతాయి. సీటులోంచి, నేలలోంచి ఆ కొట్టుకోవడం మన ఒంట్లోకి వస్తుంది. దీన్ని రికార్డు చేసి స్పీకర్లో వినిపించే మ్యూజియంలు ఉన్నాయి. అది చెవికి మాత్రమే అందుతుంది. అసలు చప్పుడులో సగం వెన్నెముకతో వినేది.

తర్వాత గంట. నా దృష్టిలో పాత బస్సు మొత్తంలో అతి గొప్ప వస్తువు ఆ గంట తాడే. డ్రైవర్ ముందు భాగంలో, ఇంజన్ పక్కన, తన చిన్న గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. ప్రయాణికులకూ అతనికీ మధ్య గోడ, అద్దం ఉంటాయి. కండక్టర్ వెనక ఉంటాడు, పైకీ కిందికీ తిరుగుతుంటాడు. ఎనిమిది గంటలు కలిసి పని చేసే ఈ ఇద్దరి మధ్యా బస్సు నడుస్తున్నంతసేపూ మాట ఉండదు, గంటే ఉంటుంది. లండన్ పద్ధతిలో ఒక గంట కొడితే తర్వాతి స్టాపులో ఆపు. రెండు కొడితే పోనీ. మూడు కొడితే బస్సు నిండింది, దిగేవాళ్లు లేకపోతే ఆగొద్దు. నాలుగు కొడితే ప్రమాదం, ఇక్కడికిక్కడ ఆపు. అంతే భాష. కానీ పాత సిబ్బంది చెప్పే మాట ఒకటుంది. గంట కొట్టిన తీరులోనే అవతలివాడి మనసు తెలుస్తుందట. తొందరలో ఉన్నాడా, కోపంగా ఉన్నాడా, ఇవాళ అలసిపోయాడా అని. రన్నింగ్ డే రోజున గంట రెండుసార్లు మోగగానే బస్సు కదిలినప్పుడు ఎక్కినవాళ్ల ముఖాలు చూడండి. నేను చెప్పేది అర్థమవుతుంది.

కండక్టర్ చేతిలో టికెట్లు కొట్టే గిబ్సన్ మిషన్ ఉండేది. 1953 నుంచి 1993 దాకా లండన్ బస్సుల్లో వాడారు. లండన్ బస్సులు నడిపిన సంస్థ లండన్ ట్రాన్స్‌పోర్ట్. దాని టికెట్ల కర్మాగారంలో పనిచేసిన జార్జ్ గిబ్సన్ రూపొందించాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. లోపల ఖాళీ కాగితం చుట్ట ఉంటుంది. ఛార్జీ ఎంతో అమర్చి పిడి తిప్పితే అక్కడికక్కడే అచ్చయి బయటికి వస్తుంది. నలభై ఏళ్లు ఒకే మిషన్ పనికొచ్చిందంటే దాన్ని ఎంత ఆలోచించి చేశారో చూడండి.

ఇక రూట్‌మాస్టర్, వెనక తలుపు లేని గుమ్మం ఉన్న లండన్ డబుల్ డెక్కర్. దాని గురించి కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను. ప్రపంచంలో ఎక్కువమంది ఎక్కిన పాత బస్సు బహుశా అదే.

మొదటి నమూనాను 1954లో ప్రదర్శించారు. 1956 ఫిబ్రవరిలో అది రూటు 2 మీద జనాన్ని ఎక్కించుకుంది. 1968 దాకా మొత్తం 2,876 తయారయ్యాయి. లండన్‌లో కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులను తీసేసి వాటి స్థానంలో పెట్టాలన్నది మొదటి ఉద్దేశం. ట్రాలీబస్సులు 1962 మేలో వెళ్లిపోయాయి. ఇంజనీర్లు అప్పటి విమాన కర్మాగారాల అనుభవాన్ని ఇక్కడికి తెచ్చారు. యుద్ధకాలంలో లండన్ బస్సు సిబ్బంది హాలిఫాక్స్ బాంబర్ విమానాల తయారీలో పనిచేశారు. తేలికైన అల్యూమినియంతో గట్టి ఒళ్లు కట్టడం అక్కడ నేర్చుకున్నారు. అందుకే రూట్‌మాస్టర్‌కు విడిగా బరువైన ఛాసిస్, అంటే కింద మోసే చట్రం, లేదు. బస్సు ఒళ్లే బరువంతా మోస్తుంది. ఆర్‌టీలో 56 సీట్లుంటే దీంట్లో 64. బరువు మాత్రం పెరగలేదు. పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ అన్నీ ఆ కాలంలోనే సిటీ బస్సుకు పెట్టారు.

డిజైన్ పని డగ్లస్ స్కాట్‌ది. లోపలి గోడలకు ముదురు ఎరుపు, కిటికీల చుట్టూ పచ్చ, సీలింగుకు లేత పసుపు. ఆ రంగులు ఊరికే ఎంచుకున్నవి కావు. చేతులు తగిలి మాసిపోయే చోట ముదురు రంగు, వెలుతురు కావలసిన చోట లేత రంగు. సీటు గుడ్డ గళ్లది. మురికి కనిపించదు, చూపు అలసిపోదు. రోజుకు వందల మంది కూర్చుని లేచే సీటు గురించి ఇంత శ్రద్ధ పెట్టిన మనుషులు ఉన్నారని తెలిస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. మెట్ల కింద కండక్టర్ నిలబడటానికి ఒక గూడు కూడా ఉంది. ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ అడ్డం రాకుండా అతనికంటూ ఒక చోటు.

ఇప్పుడు ఆల్డెన్‌హామ్ దగ్గరికి వస్తాను. నా వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది.

'పాత బస్సును నడిపితే అది అరిగిపోతుంది కదా, అసలు భాగాలు పోతాయి కదా, పదిలంగా లోపల పెట్టడమే మంచిది కదా' అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెయింటింగ్ విషయంలో, పురాతన విగ్రహం విషయంలో ఆ మాట నేనూ అంటాను. కానీ లండన్ బస్సు ఎలా బతికిందో చూడండి. లండన్ ట్రాన్స్‌పోర్ట్‌కు ఆల్డెన్‌హామ్‌లో పెద్ద కర్మాగారం ఉండేది. మొదట భూగర్భ రైళ్ల డిపో కోసం మొదలుపెట్టిన చోటు అది. యుద్ధం తర్వాత బస్సుల ఓవర్‌హాల్‌కు వాడారు. కొన్నేళ్లకొకసారి ప్రతి బస్సూ అక్కడికి రావాల్సిందే. రాగానే ఒంటినీ కింది యంత్ర భాగాలనూ విడదీసేవారు. ఒళ్లు ఒక దారిలో, ఇంజన్ ఒక దారిలో, ఇరుసులు ఇంకో దారిలో వెళ్లేవి. అడుగుభాగం కడగడానికి మొత్తం ఒంటిని పక్కకు తిప్పే యంత్రం కూడా ఉండేది. చివర్లో సిద్ధంగా ఉన్న ఒంటిని సిద్ధంగా ఉన్న యంత్రం మీద కూర్చోబెట్టి, ఒక నంబరు వేసి బయటికి పంపేవారు. లోపలికి వెళ్లిన బస్సూ బయటికి వచ్చిన బస్సూ నంబరులో ఒకటే. ఒళ్లు మాత్రం వేరే బస్సుది కావచ్చు, చాలాసార్లు వేరేదే. తొలి రూట్‌మాస్టర్‌లకు పై అంతస్తులో ముందు కిటికీలు తెరుచుకోవు. ఆ ఒళ్లు తర్వాత పెద్ద నంబర్ల బస్సుల మీద కనిపించాయి. అభిమానులు కిటికీ చూసి ఇది ఏ కాలం ఒళ్లో చెప్పగలిగేది అందుకే.

ఇలా ఒకటి కాదు, వేల బస్సులు దశాబ్దాల పాటు తిరిగాయి. ఆల్డెన్‌హామ్ 1986లో మూతపడింది. తర్వాత మిగిలిన రూట్‌మాస్టర్‌లకు కొత్త కంపెనీల ఇంజన్లు పెట్టి మరో ఇరవై ఏళ్లు నడిపారు. మరి ఏది అసలు భాగం? ఏ రోజున ఉన్న స్థితిని మనం గాజు గదిలో పెట్టాలి? మొదటి రోజుదా, మూడో ఓవర్‌హాల్ తర్వాతదా, ఆఖరి రోజుదా? అరగడం, విప్పడం, మార్చడం, మళ్లీ నంబరు వేసుకుని రూటు మీదికి వెళ్లడం, ఇదే ఆ బస్సు జీవితం. దాన్ని కదలకుండా ఉంచితేనే ఆ జీవితం తెగిపోతుంది. బ్రేకు లైనింగు మార్చినా, ఇరుసు బేరింగు మార్చినా, సీటు గుడ్డ కొత్తగా నేయించినా మనం చేస్తున్నది ఆల్డెన్‌హామ్ చేసిన పనే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆగిపోయిన యంత్రం పదిలంగా ఉంటుందనుకోవడం పొరపాటు. తోడుతున్న బావిలోనే నీరు బాగుంటుందని మన పెద్దలు అంటారు. బస్సూ అంతే. రబ్బరు సీళ్లు ఎండి చిట్లుతాయి. టైర్లు ఒకవైపు చదును అవుతాయి. బ్రేకులు పట్టేస్తాయి. ఇంధనం పాతబడి గొట్టాలు మూసుకుపోతాయి. నెలకోసారి నడిచే బస్సు కంటే పదేళ్లు నిలబడిన బస్సును లేపడం ఎంత కష్టమో ఆ పని చేసిన మెకానిక్‌ను అడగండి.

మనుషుల చేతుల్లో ఉన్న విద్య సంగతి ఇంకా ముఖ్యం. ప్రీసెలెక్టర్ గేర్‌బాక్స్‌ను ఎలా సరిచేయాలో పుస్తకంలో ఉంటుంది. పట్టీ ఎంత బిగిస్తే బస్సు ఉలిక్కిపడకుండా కదులుతుందో పుస్తకంలో ఉండదు. అది ఒక పెద్దాయన పక్కన నిలబడి ఒక కుర్రాడు నేర్చుకోవాలి. బస్సు నడుస్తుంటేనే పాడవుతుంది, పాడైతేనే బాగుచేయడం నేర్చుకుంటారు. నడపడం ఆపేస్తే ఆ పెద్దాయనతో ఆ విద్య కూడా పోతుంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానంలో ఉంది. అక్కడ ఇంబర్ అని ఒక ఊరు. 1943 చివర్లో, సైనికుల శిక్షణకు కావాలని ఊరివాళ్లందరినీ ఖాళీ చేయించారు. వాళ్లు మళ్లీ అక్కడ కాపురం పెట్టే అవకాశం రాలేదు. ఇప్పటికీ అది సైన్యం ఆధీనంలోనే ఉంది, ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని రానిస్తారు. 2009 నుంచి ఆ రోజుల్లో ఒక రోజున వార్‌మిన్‌స్టర్ రైల్వే స్టేషన్ నుంచి ఇంబర్‌కు పాత లండన్ బస్సులు నడుపుతున్నారు. ఇంబర్‌బస్ అంటారు. రూటు నంబరు 23ఏ. రూట్‌మాస్టర్‌లు ఒకదాని వెనక ఒకటి, సైనిక ట్యాంకులు తిరిగే దారుల్లో, ఇళ్లలో మనుషులు లేని ఊరికి వెళ్తాయి. బస్సు స్టాపులకు బోర్డులు పెడతారు, టైమ్‌టేబుల్ ఉంటుంది, కండక్టర్ టికెట్టు ఇస్తాడు. వచ్చిన డబ్బు చర్చి బాగోగులకూ ఇతర మంచి పనులకూ పోతుంది.

ఆ రోజు వేలమంది వస్తారు. ఆలోచించండి, అది ఎవరి జ్ఞాపకం? ఇంబర్‌కు రూట్‌మాస్టర్ ఎప్పుడూ వెళ్లలేదు. ఊరు ఖాళీ అయ్యే నాటికి రూట్‌మాస్టర్ అసలు పుట్టనే లేదు. చరిత్రను ఉన్నదున్నట్టు చూపించాలని పట్టుబట్టేవాళ్లు దీన్ని తప్పంటారు. నాకు అలా అనిపించదు. బస్సు అంటే మనుషుల్ని వాళ్లంతట వాళ్లు వెళ్లలేని చోటికి అందరినీ కలిపి తీసుకెళ్లేది. ఇంబర్‌లో అది ఆ పనే చేస్తోంది. ఊరు వదిలి వెళ్లిన కుటుంబాల వారసులు, బస్సు పిచ్చోళ్లు, ఊరికే చూద్దామని వచ్చినవాళ్లు ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుంటారు. అక్కడ ఆ బస్సు నిజంగా అవసరమై నడుస్తోంది.

చిలీలోని వాల్‌పరైసో నగరాన్ని కూడా చెప్పాలి. అక్కడ పుల్‌మన్ కంపెనీ ట్రాలీబస్సులు 1940ల చివర, 1950ల మొదట తయారైనవి. 2003లో చిలీ ప్రభుత్వం వాటిని జాతీయ చారిత్రక స్మారకాలుగా ప్రకటించింది. షెడ్డులోకి నెట్టాక ఇచ్చిన గౌరవం కాదది. రూటు మీద మామూలు జనాన్ని మోస్తుండగానే ఇచ్చింది. బస్సును భద్రపరచడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఇది లండన్‌కూ చిలీకీ మాత్రమే పరిమితం కాదు. న్యూయార్క్‌లో డిసెంబరు పండుగ రోజుల్లో పాత బస్సులను మామూలు రూటు మీద తిప్పిన సంవత్సరాలున్నాయి. ఆఫీసుకు వెళ్లేవాళ్లు అనుకోకుండా 1950ల నాటి బస్సెక్కి నవ్వుకుంటూ దిగేవారు. హాంకాంగ్‌లో కౌలూన్ మోటార్ బస్ కంపెనీ 2012లో చివరి ఏసీ లేని బస్సులను తీసేసినప్పుడు చెమటలు కక్కుతూ ఎక్కడానికి జనం వచ్చారు. మాల్టాలో బస్సులు చాలావరకు డ్రైవర్ల సొంతంగా ఉండేవి. తమ ఇష్టం వచ్చినట్టు అలంకరించుకునేవారు. 2011 జూలైలో అవన్నీ ఒక్కసారిగా రూట్ల నుంచి వెళ్లిపోయాయి. ఏ ఊరైనా సరే, మనుషులు చివరిసారి ఎక్కాలనే అనుకున్నారు.

నా వాదనకు ఎదురు నిలిచే బస్సు ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి మహిళ రోజా పార్క్స్ తెల్లవాళ్ల కోసం తన సీటు వదలడానికి నిరాకరించిన బస్సు, నంబరు 2857. సర్వీసు అయిపోయాక అది అలబామాలో ఒక పొలంలో ఏళ్ల తరబడి సామాన్ల కొట్టంలా పడి ఉంది. 2001లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాన్ని వేలంలో 4,92,000 డాలర్లకు కొని బాగుచేయించింది. అది రోడ్డు మీదికి రాదు. రానక్కర్లేదు కూడా. దాని విలువ ఒక సీటులో, ఒక సాయంత్రంలో ఉంది. అయితే ఆ మ్యూజియం ఒక మంచి నిర్ణయం తీసుకుంది. సందర్శకులను లోపలికి ఎక్కనిస్తారు, సీట్లలో కూర్చోనిస్తారు. తాడు కట్టి దూరం నుంచి చూపిస్తే ఎవరికీ అర్థం కానిది, ఆ సీటులో కూర్చుని ముందువైపు చూస్తే అర్థమవుతుంది. కదలకపోయినా అక్కడా ఎక్కడమే ముఖ్యమైంది.

ఆ బస్సు పేరెత్తాక ఇంకో మాట చెప్పి తీరాలి. పాత బస్సుల మీద ప్రేమ ఉన్నవాళ్లం, అవి ఎవరిని వదిలేసి వెళ్లాయో మరిచిపోకూడదు. రూట్‌మాస్టర్ ఫుట్‌బోర్డు ఎత్తు, మధ్యలో స్తంభం, లోపల ఇరుకు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆ బస్సు ఎక్కే అవకాశమే లేదు. మోకాళ్లు నొప్పులున్న ముసలావిడ, చంటిబిడ్డ బండితో ఉన్న తల్లి ఎంత ఇబ్బంది పడేవారో ఆ కాలం వాళ్లకు తెలుసు. తలుపు లేని వెనక గుమ్మం మీద నుంచి పడి దెబ్బలు తగిలినవాళ్లున్నారు. బ్రిటన్‌లో 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం, సాధారణ రూట్ల మీద నడిచే డబుల్ డెక్కర్లన్నీ 2017 నాటికి చక్రాల కుర్చీలు ఎక్కేలా ఉండాలి. లండన్ ఇంకా ముందే ఆ దారి పట్టింది. 2005 డిసెంబరు 9న రూటు 159 మీద రూట్‌మాస్టర్ చివరి మామూలు సర్వీసు నడిచింది. బ్రిక్స్‌టన్ రోడ్డంతా జనం నిండిపోయారు. వాళ్లలో చాలామంది బాధ నాకు అర్థమవుతుంది, నాదీ అదే బాధ. అయినా ఆ నిర్ణయం సరైనదే. రోజువారీ సర్వీసు అందరిదీ అయి ఉండాలి. ఆ తర్వాత 9, 15 రూట్లలో కొంత భాగం మీద పాత బస్సులను కొన్నేళ్లు నడిపారు, వాటి పక్కనే అందరూ ఎక్కగల కొత్త బస్సులూ తిరిగాయి. అదీ మర్యాదైన పద్ధతి.

పాతదాన్ని కొత్తగా చేసి తేవాలనుకున్నప్పుడు ఏమైందో కూడా చూశాం. 2012లో లండన్ కొత్త రూట్‌మాస్టర్‌ను తెచ్చింది. థామస్ హెథర్‌విక్ డిజైన్ చేశాడు, మొత్తం 1,000 బస్సులు కొన్నారు. వెనక తెరిచిన గుమ్మం, దాని దగ్గర నిలబడటానికి ఒక మనిషి. చూడటానికి అందమైన బస్సే, నేను కాదనను. కానీ గుమ్మం దగ్గర మనిషికి జీతం ఇవ్వాలి. 2016లో ఆ మనిషిని తీసేశారు. మనిషి లేకపోతే గుమ్మం తెరిచి నడపలేరు కాబట్టి తలుపు మూసుకుంది. 2020 నుంచి ముందు తలుపు గుండానే ఎక్కమన్నారు. పాత బస్సులో జనం ప్రేమించింది గుమ్మం ఆకారాన్ని కాదని నాకు దాంతో ఇంకా స్పష్టమైంది. గుమ్మం దగ్గర ఒక మనిషి ఉండటం, ఆయన ముసలివాళ్లకు చెయ్యి అందించడం, పిల్లాడిని తన స్టాపులో దించడం, తప్పతాగినవాడిని సర్దిచెప్పి కూర్చోబెట్టడం, ఇవన్నీ ప్రేమించారు.

కాబట్టి రన్నింగ్ డే నిర్వహించేవాళ్లకు నా విన్నపం ఒకటే. బస్సుకు పెట్టే శ్రద్ధలో సగమైనా కండక్టర్ మీద పెట్టండి. యూనిఫాం వేసుకుని ఫొటోలకు నిలబడే వాలంటీర్ సరిపోడు. గంట సరిగ్గా కొట్టడం, స్టాపు పేరు ముందుగా పిలవడం, పైకి వెళ్లి టికెట్టు అడగడం, నిండాక 'వెనక ఇంకోటి వస్తోంది' అని మర్యాదగా చెప్పడం తెలిసినవాళ్లు కావాలి. ఆ ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను పిలవండి, కొత్తవాళ్లకు నేర్పించమనండి. ఒక రూట్‌మాస్టర్‌ను మళ్లీ నిలబెట్టొచ్చు, సర్వీసు ముగిశాక కూడా వెయ్యికి పైగా మిగిలాయి. ముప్ఫై ఏళ్లు ఫుట్‌బోర్డు మీద నిలబడిన మనిషిని మళ్లీ తయారుచేయలేం.

పాత బస్సులకు కరెంటు మోటార్లు పెట్టే పని గురించి కూడా ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నగరాల్లో పొగ నిబంధనలు కఠినమవుతున్నాయి, కావాలి కూడా. ఊరేగింపులకూ పెళ్లిళ్లకూ అద్దెకు తిరిగే బస్సుకు మోటారు పెడితే నాకు అభ్యంతరం లేదు. ఇంజన్లు మార్చడం ఆ బస్సు చరిత్రలో ఉన్నదే అని ఇందాక నేనే చెప్పాను. కానీ ప్రతి రకంలోనూ కొన్ని బస్సులైనా తమ సొంత ఇంజన్‌తో, సొంత గేర్‌బాక్స్‌తో మిగలాలి. ఏడాదిలో కొద్ది రోజులు, కొద్ది మైళ్లు నడిచే బస్సు వదిలే పొగ ఎంత అన్నది కూడా నిబంధనలు రాసేవాళ్లు ఆలోచించాలి. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన వాహనాలకు, వ్యాపారానికి వాడకపోతే, కొన్ని మినహాయింపులు ఇస్తున్నారు. అలాంటి వెసులుబాటు మిగతా చోట్ల కూడా అడగాల్సిన బాధ్యత మనది.

చివరగా, ఎప్పుడూ ఎక్కనివాళ్లకు కొన్ని ఆచరణ మాటలు. మొదటిసారి పై అంతస్తులో ముందు సీటుకు పరుగెత్తకండి. కింద, డ్రైవర్ వెనక గోడకు ఆనుకున్న సీటులో కూర్చోండి. ఇంజన్, గేరు అన్నీ అక్కడే వినిపిస్తాయి, అద్దంలోంచి డ్రైవర్ చేతులు కనిపిస్తాయి. తిరుగు ప్రయాణంలో పైకి వెళ్లండి. రూటులో చిన్నదైనా ఒక ఎత్తు ఉన్న బస్సును ఎంచుకోండి, ఎత్తు ఎక్కుతున్నప్పుడే గేర్‌బాక్స్ తన గొంతు విప్పుతుంది. ఫోను రెండు నిమిషాలు తీయండి, తర్వాత జేబులో పెట్టండి. పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే ఈ రూటు మీద మీరు ఎక్కడికి వెళ్లేవారని అడగండి, వాళ్లు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు. దిగేముందు బస్సు ఎవరు చూసుకుంటున్నారో కనుక్కోండి. వాళ్లకు డబ్బు కంటే ఎక్కువగా చేతులు కావాలి. శనివారం వచ్చి కిటికీ చట్రాలు గీకి రంగు వేసేవాళ్లు, పాత నట్లు విప్పేవాళ్లు, టైమ్‌టేబుల్ రాసేవాళ్లు. పని రాకపోయినా ఫర్వాలేదు, అక్కడ నేర్పుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. గేర్‌బాక్స్‌ల గురించి అడిగేవాళ్లు కాస్త ముందుకు రండి, ఆ సమాధానాలు చాలా సేపు పడతాయి.